ఎత్తుకునే మనిషి

"పసిపిల్లతో లోపలికి వీల్లేదండీ," అన్నాడు ఆనందరావు, రంగులు వేసుకునే గది గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి.

నాగరత్నం చంకలో ఎనిమిది నెలల పిల్ల వేలు చీకుతోంది.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. ఆదివారం పగటిపూట బందరులో నాటక పోటీలు. ఆనందరావు వాటికి సెక్రటరీ. కిందటేడు ఎవరి పిల్లో తెర వెనక కేరుమంటే, స్టేజీ మీద చచ్చిపోతున్న మహారాజుని చూసి జనం నవ్వారట. ఆ పరువు నష్టం ఆయన ఇంకా మర్చిపోలేదు.

నాగరత్నం గుడివాడ మనిషి. ఏ సమాజం వాళ్ళు పిలిస్తే వాళ్ళ నాటకంలో హాస్యం వేషం వేసి వస్తుంది. పెళ్ళయినా ఆగని పిలుపులు పిల్ల కడుపున పడ్డాక ఆగిపోయాయి. "తల్లయింది, ఇంకేం నవ్విస్తుందిలే" అనేశారు. చాన్నాళ్ళకి వచ్చిన పిలుపిది. ఇక్కడ హాస్య పతకం వస్తే మళ్ళీ నాలుగు సమాజాలు పిలుస్తాయి. రాలేదా, ఇక ఇంట్లో కూచోవడమే. పిల్లని చూసుకునే ఆడబిడ్డకి సరిగ్గా ఇవాళే జ్వరం తగులుకుంది. అదృష్టం అంటే అలా ఉండాలి మరి.

వెనక మెట్ల మీద ఓ ముసలామె కూచుని ఉంది. వెలిసిన ఆకుపచ్చ చీర, ఒళ్ళో గుడ్డసంచి.

"ఇటియ్యమ్మా, నేనెత్తుకుంటా," అంది.

ఎవరు, ఏ ఊరు అని అడిగే తీరికెక్కడిది? నాగరత్నం పిల్లనీ, పిల్ల సామాన్ల బుట్టనీ అందించేసింది. ఏం వేషం తల్లీ అని అడిగితే గయ్యాళి అత్త అని చెప్పింది.

"నవ్వొచ్చే మాట అన్నాక నువ్వు నవ్వకు. కొంగు సర్దుకుంటా ఊరికే నిలబడు. జనం వాళ్ళే నవ్వుతారు," అంది ముసలామె.

నాగరత్నానికి ఒళ్ళు మండింది. మెట్ల మీద కూచునే మనిషి కూడా తనకి పాఠాలు చెప్పడమే! పిల్లని చూడు చాలు అనేసి విసురుగా లోపలికి వెళ్ళింది.

మొదటి రంగంలో నవ్వులు అంతంతమాత్రం. నోరు మాటలు చెబుతోందే గానీ చెవులు మెట్ల దగ్గరే ఉన్నాయి. ఏడుపు వినపడితే నాటకం పోతుందని భయం. వినపడకపోతే పిల్లకి ఏమైందోనని అంతకన్నా భయం.

రెండో రంగంలో, కోడలి కంచంలోంచి ఆవకాయ ముక్క తీసి మళ్ళీ జాడీలో వేసే చోట, ఏమనుకుందో ఏమో, మాట అనేసి కొంగు సర్దుకుంటూ నిలబడింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. తనకెంత మంచి ఊహ తట్టిందా అని మురిసిపోయింది గానీ, మెట్ల మీది మనిషి గుర్తే రాలేదు.

తెర పడగానే రంగు ముఖంతోనే పరుగెత్తింది.

పిల్ల ముసలామె ఒళ్ళో ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. పిలిచినా కదల్లేదు. చెయ్యెత్తి వదిలితే కిందికి జారిపోయింది. పెదాల మీద నల్లటి మరక. ముసలామె వేలికొసకీ, మూతికీ కూడా అదే నలుపు.

పిల్లలు ఏడవకుండా నల్లమందు నాకించి పడుకోబెట్టే ఆయాల సంగతి నాగరత్నం గుడివాడలో బోలెడు విన్నది. ఈవిడ తను తిని పిల్లకీ పెట్టిందన్నమాట.

"ఏం నాకించావే నా పిల్లకి?"

"కాటుకమ్మా అది."

"కాటుక కంటికి పెడతారా, నోటికి పెడతారా? నల్లమందు కాదూ ఇది?"

జనం మూగారు. నాగరత్నం ఆ గుడ్డసంచి లాక్కుని అందరి ముందూ బోర్లించింది. తమలపాకులు, దువ్వెన, నాగాయలంక నుంచి వచ్చిన బస్సు టికెట్టు, కాస్త చిల్లర. అంతే. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనిపిస్తే పోలీసులకి అప్పజెబుతానన్నాడు ఆనందరావు. ముసలామె అన్నీ ఏరుకుని, పిల్లవైపు ఒకసారి చూసి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పావుగంటకి పిల్ల లేచింది. నిక్షేపంగా పాలు తాగింది. నాగరత్నం మనసు కాస్త పీకింది గానీ, సాయంత్రం మైకులో హాస్య పతకం తనకేనని చెప్పేసరికి ఆ పీకుడూ పోయింది.

పతకం అందుకుని వచ్చాక, ముఖాన ఇంకా మిగిలిన రంగు తుడుచుకోవడానికి కొబ్బరినూనె ఇచ్చాడు కొండయ్య. నలభై ఏళ్ళుగా నటులకి రంగులు పూస్తున్న మనిషి. జరిగిన గొడవ అప్పుడే ఎవరో చెబితే తల పట్టుకున్నాడు.

నాగరత్నం స్టేజీ మీద ఉండగా ఆయన కిటికీలోంచి చూశాడట. పిల్ల ఏడుపు అందుకోబోతుంటే, ముసలామె బుట్టలోంచి కాటుకడబ్బా తీసి తన మూతికి మీసం దిద్దుకుందట. మునసబు నడక నడిచిందట. మునసబు పెళ్ళాం నడకా నడిచిందట. పిల్ల కిలకిలా నవ్వుతూ ఆ మీసం పట్టుకు పీకబోయి, ఆ చేతులే నోట్లో పెట్టుకుని, నవ్వి నవ్వి అలిసిపోయి పడుకుందట.

"ఆ నడక ముప్పయ్యేళ్ళ కిందట స్టేజీ మీద చూశానమ్మా," అన్నాడు కొండయ్య. "కూతురు పుట్టాక, ఎత్తుకునే మనిషి దొరక్క నాటకాలు మానేసింది. చచ్చిపోయిందనే అనుకున్నాం అందరం."

నాగరత్నానికి తల కొట్టేసినట్టయింది. పిల్లని చంకనేసుకుని బస్సుల దగ్గరికి పరుగెత్తింది. నాగాయలంక బస్సు వెళ్ళిపోయి గంట దాటిందన్నారు.

కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చింది. అందరి ముందూ సంచి బోర్లించిన ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పొద్దున్నే వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను, పేరు చెప్పు తాతా అని కొండయ్యని బతిమాలింది.

"చేతిలో పెట్టుకుని నన్నడుగుతావేంటమ్మా," అన్నాడాయన.

నాగరత్నం పతకం వెనక్కి తిప్పింది. 'హాస్యనటి ఖాసింబీ స్మారక పతకం' అని చెక్కి ఉంది.