చనుబాల పరీక్ష

తాగే నీళ్ళు రెండుసార్లు వడగట్టాలి, చంటిదానికి డబ్బాపాలు కలపాలి, అక్క చనుబాలు పదకొండింటిలోగా వార్డు పరీక్ష కేంద్రంలో ఇవ్వాలి, ఫారం నింపాలి. పరీక్షలో పాసైతేనే ఏ తల్లినైనా బిడ్డకు పాలు పట్టనిస్తారు. అక్క పాలు రెండుసార్లు తప్పాయి. మూడోసారీ తప్పితే ఇక ఆశ వదులుకోవాలి.

"పాలకి కూడా పాసు మార్కులేటే? నా పాలు తాగే కదా నువ్వు డిగ్రీ చదివావు," అంది అమ్మ.

అక్క నవ్వలేదు. తడిసిన రవికతో గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

నేను ఫారం పైకి చదివాను. "చిన్నతనంలో నీరంటని పూత గుడ్డలు వాడారా?"

అమ్మ ముఖం వెలిగింది. "రాయి. రెయిన్‌కోట్ల కంపెనీలో మిగిలిన ముక్కలన్నీ తెచ్చీదాన్ని. ఉయ్యాల, పక్కగుడ్డ, మీ బడిసంచీ దాంతోనే కుట్టాను. నా పిల్లలు ఒక్కనాడూ తడవలేదని రాయి."

ఆ పూత ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి పోదని, చనుబాలలోకీ దిగుతుందని అమ్మకు తెలియదు. అక్కకు తెలుసు. నడక ఆపి, చెప్పొద్దన్నట్టు నాకేసి తల ఊపింది.

నేను 'అవును' అని రాశాను. సాయంత్రం ఫలితం వచ్చింది. పాలు పట్టకూడదట.

"ఎందుకటే?" అంది అమ్మ.

"నీళ్ళ వల్లేనట," అంది అక్క, డబ్బాపాలు కలుపుతూ.

ఇలాంటి ఫారం మీ చేతికొస్తే మా అమ్మ సన్యాసమ్మను ఒకసారి గుర్తుచేసుకోండి. పిల్లలు తడవకూడదనే ఆమె అవన్నీ కుట్టింది.