అరవై ఫిర్యాదులు

"నన్ను గ్రూపులోంచి ఎందుకు గెంటేశావ్?" మందుల షాపు కౌంటర్ మీద చరిచింది రిటైర్డ్ నర్సు.

షుగరున్న పిల్లల తల్లిదండ్రుల ఆన్‌లైన్ గ్రూపుకి ఆ షాపతనే అడ్మిన్.

"మీ నోరు అలాంటిదమ్మా. మీ మీద అరవై ఫిర్యాదులొచ్చాయి. నలుగురి మాట వినొద్దా?"

"విన్నావా, లెక్కపెట్టావా?"

అతనికి ఒళ్లు మండింది. ఆమె మొహం మీదే ఒక్కొక్కటీ చదవాలని ఫోను తీశాడు.

"పొగరుబోతు... నోటిదురుసు... ఇన్సులిన్ ఆపేసి ఆకుపసరు పోస్తానన్నందుకు నన్ను నానా తిట్లూ తిట్టింది. ఆ తిట్లకి భయపడే ఇన్సులిన్ ఆపలేదు. మా పాప బతికింది. దయచేసి ఆవిణ్ణి తీసెయ్యకండి..."

అతను ఆ మెసేజి మళ్లీ మొదట్నుంచి చూశాడు. దీన్ని కూడా పూర్తిగా చదవకుండానే ఫిర్యాదుల్లో కలిపేశాడు.

"మళ్లీ చేర్చుకుంటానమ్మా," అన్నాడు తలెత్తకుండా.

"ముందు మిగతావీ చదువు. తప్పు నా నోటిదేనని తేలితే నేనే పోతా," అంటూ ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.