గట్టు దాటిన కోళ్లు

"నీ కోళ్లు మళ్లీ గట్టు దాటినాయమ్మా. వారంలో ఇది మూడోసారి!" పక్క తోట హనుమప్ప, కోళ్లు పొడిచిన టమోటా ఒకటి చేత్తో పట్టుకొచ్చాడు.

టీవీలో పక్క దేశాలు చేసినట్టే నారాయణమ్మ తీవ్ర విచారం వెలిబుచ్చింది. "చానా తప్పయినాదన్నా. ఎట్ల దాటినాయో విచారిస్తాను."

"బేతమంగళం ఊరి పెద్దలు మనకు రాజీ చేసి నెల కాలేదు. నా పురుగుమందు గాలికి నీ మల్బరీ ఆకు మీద పడితే పట్టుపురుగులు చస్తాయని నువ్వంటే, టమోటాలో పురుగు కనబడితే తప్ప కొట్టనని మాటిచ్చినాను. నువ్వు కోళ్లను ఆపలేవా?"

"ఇంగ ఆపుతాలేన్నా. ఈ వారం మందు కొడతావా మరి?"

హనుమప్ప కాస్త తగ్గాడు. "యాడ కొట్టేది? ఈసారి తోటలో ఒక్క పురుగూ లేదు. ఏం మాయో!"

"అంతా దేవుడి దయన్నా."

అతను వెళ్లాక నారాయణమ్మ పట్టుపురుగులకు ఆకు వేసింది. మర్నాడు తెల్లారగానే గంప ఎత్తి, కోళ్లను గట్టు అవతలికి తానే తోలింది.

"పురుగులే తినండే. ఇంగొక కాయ పొడిచినారంటే పులుసు పెట్టేస్తాను!"