వేసిన ముడి వేసినట్టే

ఊపిరి గొట్టం పీకేసుకుంటాడని ఐసీయూలో మా ఆయన చేతులు మంచం కమ్మీకి గుడ్డ పట్టీలతో కట్టేశారు. కీలుంగ్ రేవులో నలభై ఏళ్లు చేపల పెట్టెలు మోసిన చేతులవి. పదిహేడు రోజుల్లో ఎముకలు తేలాయి.

రాత్రి ఏడున్నరకి అరగంట మాత్రమే లోపలికి వదులుతారు. ఆ రోజు నేను వెళ్లేసరికి ఆయన కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. పట్టీ మాత్రం కమ్మీకే వేలాడుతోంది, వేసిన ముడి వేసినట్టే.

వెనకే వచ్చిన నర్సు పెయ్-షాన్ విరుచుకుపడింది. "కట్టు విప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాలి, పిన్నిగారూ?"

"ముడి చూడవే తల్లీ, కళ్లున్నాయిగా! చెయ్యే జారి బయటికొచ్చేంత చిక్కిపోయాడు మనిషి. రోజూ కాస్త కాళ్లూ చేతులూ ఆడించమని మొత్తుకుంటే ఏమన్నారు? 'ముందు ప్రాణం నిలవనివ్వండి, కండ తర్వాత' అన్నారు."

ఆమె ఆ చేతికి మళ్లీ పట్టీ చుట్టి, వేలు కూడా దూరనంత బిగించి వెళ్లిపోయింది.

నేను కోపంతోనే ఆయన పిక్కలు రుద్దుతూ కూర్చున్నాను. చేతికి వట్టి చర్మమే తగులుతోంది. గదిలో ఊపిరి యంత్రం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

చల్లగా ఏదో నా మణికట్టును పట్టుకుంది.

ఆయన కుడి చెయ్యి. పక్కనే పట్టీ, బిగించిన ముడితో సహా అలాగే ఉంది. ఆయన కళ్లు మూసే ఉన్నాయి. ఆ వేళ్లలో చిటికెడు కండ లేదు. ఎంత గుంజినా నా చెయ్యి రాలేదు.

"టైమైపోయింది, బయటికి రండి!" గుమ్మంలోంచి పెయ్-షాన్ కేకేసింది.

"రానా? నువ్వే వచ్చి ఈ వేళ్లు విప్పు, చూద్దాం," అన్నాను.