ఎర్రపీత

"ఏటి బావా ఎర్రపీతా, దిగవేటి?" అని హార్బరు జెట్టీ మీద తోటి కలాసీలు ఎల్లారావును ఆటపట్టించగానే, చేపల తట్టతో నిలబడ్డ అతని భార్య పోతమ్మ కొయ్యబారిపోయింది.

అది దీపం ఆర్పాక ఆమె మొగుణ్ణి పిలుచుకునే పేరు. నల్లటి మనిషి ఎర్రపీత ఎందుకయ్యాడో నేనడగలేదు, మీరూ అడగకండి.

తొంభైల నాటి మాట. టేపురికార్డరు లేని బోటు ఎక్కడానికి మా కలాసీలు ఒప్పుకునేవారు కాదు. వలకు చిల్లులున్నా సర్దుకునేవారు. ఆసారి వేటలో, పాటలనుకుని ఎవరో ఎల్లారావు సంచిలోని క్యాసెట్టు తీసి పెట్టారు. పాటలు రాలేదు. మంచం మీది పోతమ్మ మాటలు, నవ్వులు వచ్చాయి. ఆమెకు చెప్పకుండా ఎల్లారావే మంచం కింద టేపు పెట్టి రికార్డు చేసుకున్నాడు.

"సంద్రంలో నీ గొంతు ఇనాలనిపించిందే. నానొక్కణ్నే ఇందామనుకున్నాను," అన్నాడు ఇంటికొచ్చి.

"నన్నడిగినావేటి?" అంది. క్యాసెట్టు రిబ్బను లాగి పొయ్యిలో వేసింది.

ఆ తర్వాత దీపం ఆర్పినా ఆమె కిరసనాయిలు గురించీ, వాన గురించీ మాట్లాడేది, వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టు. ఎల్లారావు ఇంట్లోని టేపురికార్డరు అమ్మేశాడు. చివరికి ఒకనాడు మంచం పక్కకు లాగి, కింద నేలంతా తడిమి చూపించాడు.

"ఏటీ నేదే పోతమ్మా. ఒక్కపాలి పిలవే."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"అప్పుడూ ఏటీ నేదనుకునే కదా పిలిసినాను."