పదిహేడో పెట్టె

"ఒకటి మిగిలిందేంటి?" అన్నాడు బోల్టు.

సర్వీసు సెంటర్లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్న ఆ పెద్ద మెకానిక్కు అసలు పేరేమిటో అక్కడ ఎవరికీ గుర్తులేదు. అతని ముందు బల్ల మీద పదహారు ఖాళీ అట్టపెట్టెలు, సీలు విప్పనిది ఒకటి ఉన్నాయి.

నిన్న కంపెనీ నుంచి కబురొచ్చింది. కొత్త మోడల్ బళ్లకు వేసిన ముందు బ్రేకు ప్యాడ్లలో లోపముందట. బాగా కాగితే మీది పొర ఊడిపోతుంది, ఇక బ్రేకు పట్టదు. బళ్లన్నీ వెనక్కి పిలిపించి ఊరికే మార్చి పంపమని పదిహేడు పెట్టెలు ఇచ్చారు. పొద్దుటి నుంచి పదిహేడు బళ్లూ వచ్చాయి, వెళ్లాయి. పదిహేడు కార్డుల మీదా టిక్కులున్నాయి.

"ఒకటి ఎక్కువ పంపారేమోలే అన్నా," అంది రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి.

"లేదమ్మా. నేనే లెక్కపెట్టి తీసుకున్నాను."

బోల్టు కార్డుల వంక చూశాడు. అతనికో పాడు అలవాటుంది. గ్రీజు చేతులతో మాటిమాటికీ పెన్ను పట్టుకోవడం ఎందుకని, నాలుగైదు కార్డులకు ముందే టిక్కులు కొట్టేసి ఆ తర్వాత పనిలో దిగుతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు. రానేవచ్చింది ఇవాళ.

పొద్దుటి నుంచి విప్పిన పాత ప్యాడ్లన్నీ బండి నంబరు చీటీలతో ట్రేలో పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ తిరగేశాడు. లేనిది టైలరు బండి చీటీ.

"అయ్యో! ఆ పాపాయి వాళ్లది!" అంది ఆ అమ్మాయి.

టైలరు పొద్దున భార్యాబిడ్డలతో వచ్చి పెద్ద గొడవే పెట్టాడు. "నా బండి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది సార్, దాని జోలికెందుకు?" అన్నాడు. "పెళ్లాం, బిడ్డా ఉన్నవాడివి, అలా మాట్లాడకు," అని బోల్టే అతన్ని భయపెట్టి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం భార్యనీ ఎనిమిది నెలల పాపనీ ఎక్కించుకుని కొండ దాటి అత్తగారింటికి వెళ్తున్నాడట. కొండ దాటడమంటే అవతల పదకొండు మలుపులు దిగడం. పట్టిన బ్రేకు వదలడానికి ఉండదు.

ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"నువ్వు చేస్తూనే ఉండమ్మా," అని పెట్టె సంచిలో వేసుకుని, రెండు పానాలు జేబులో దోపుకుని బోల్టు బయటికి పరుగెత్తాడు. ఆ పదిహేడు బళ్లలో అతనిదీ ఒకటి. పొద్దున మొదటి పెట్టె విప్పింది దానికే కాబట్టి వెనకాముందూ చూడకుండా తోలాడు.

దారంతా అతనికి పాప బుగ్గలే కనిపించాయి. మలుపు వచ్చినప్పుడల్లా పిట్టగోడ అవతలికి తొంగిచూడ్డం, ఏమీ లేదని ఊపిరి పీల్చుకోవడం. ఒకచోట రోడ్డు మీద జనం మూగి ఉన్నారు. "ఏమైంది? ఏమైంది?" అని అరిచాడు. లారీ టైరు పేలిందట, అంతే. ఆ లారీ డ్రైవరును కావలించుకోవాలనిపించింది.

కొండ పైన చదునుగా ఉన్నచోట టైలరు భార్య పిట్టగోడ మీద కూర్చుని పాప మూతి తుడుస్తోంది. టైలరు హెల్మెట్టు పెట్టుకుని బండి స్టార్టు చేస్తున్నాడు.

"ఆగు! ఎక్కకండి! ఆపెయ్ బండి!"

విషయం చెప్పేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. "ఫోన్ మోగుతోందయ్యా, ఎత్తవయ్యా అని చెప్తూనే ఉన్నాను. ఈ మనిషికి నా మాటంటే గాలి చప్పుడు!" అని మొగుణ్ని కడిగేసింది. అంతలోనే పాపను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

"తప్పు నాదమ్మా. మార్చకుండానే టిక్కు కొట్టేశాను," అన్నాడు బోల్టు తలెత్తకుండా.

"చేస్తే చేశావులే అన్నా. చేసి ఊరుకోలేదుగా, ఇంత దూరం ఉరికొచ్చావు."

ఆ మాటతో అతనికీ కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. అక్కడే కూలబడి పాత ప్యాడ్లు విప్పాడు.

"నిక్షేపంలా ఉన్నాయి కదన్నా," అన్నాడు టైలరు వాటిని తిప్పి చూస్తూ.

"చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి. ఇటివ్వు."

కొత్తవి వేసి, బోల్టులు బిగించి, బ్రేకు నాలుగుసార్లు నొక్కి చూశాడు. ఈసారి రెండోమాటు కూడా చూశాడు. "ఇక మీకు భయం లేదు. ఈ వాలులో ఎంత కావాలంటే అంత గట్టిగా పట్టు. సరేనా?"

"నీ రుణం తీర్చుకోలేమన్నా," అంది ఆవిడ బండెక్కుతూ. పాప అమ్మ భుజం మీంచి అతన్ని చూసి నవ్వింది.

మొదటి మలుపు దగ్గర బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది. రెండో మలుపు తిరిగాక వాళ్లు కనిపించలేదు. బోల్టు పిట్టగోడ మీద కూర్చుని చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

ఫోన్ మోగింది. రిసెప్షన్ అమ్మాయి.

"అన్నా, వాళ్లు దొరికారా?"

"దొరికారమ్మా! కొత్తవి వేసి పంపించేశాను. ఇప్పుడే దిగుతున్నారు."

"వేసేశావా?"

"వినపడుతోందా? వేసేశానమ్మా!"

"కంపెనీ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారన్నా. సరుకు నంబర్లు తారుమారు చేసి చెప్పారట."

"అంటే?"

"ఊడిపోయేవి కొత్తవేనట, అన్నా."