ఏకగ్రీవం

మిట్టమధ్యాహ్నం ఆ ఇద్దరూ కలిసి దుకాణంలోకి రావడం చూసి, మిషను తొక్కుతున్న టైలర్ కాళ్లు ఆగిపోయాయి. సూది కాలరులో దిగి అక్కడే నిలిచింది.

ఒకడు పహిల్వాన్. రెండోవాడు ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినవాడు, అందరికీ పంతులు. రెండు పార్టీలకీ పెద్దలు. ఒకరి గడప ఒకరు తొక్కరు. వారం కిందట ఈ వీధి మలుపులోనే వీళ్ల మనుషులు కొట్టుకున్నారు. రాయి తగిలి ఒక కానిస్టేబుల్ చచ్చిపోయాడు. ఆ రాయి పహిల్వాన్ మనిషి చేతిలోంచి లేవడం టైలర్ కిటికీలోంచి చూశాడు. భార్యకు కూడా చెప్పలేదు. నోరు విప్పితే పహిల్వాన్ బతకనివ్వడు. విప్పకపోతే పంతులు బతకనివ్వడు.

"ఎవరండీ వచ్చింది?" లోపలినుంచి భార్య కేకేసింది.

"ఎవరూ లేరు. నువ్వు బయటికి రాకు."

ఉన్న ఒక్క స్టూలూ పహిల్వాన్ లాక్కుని కూర్చున్నాడు. "నీకూ కూర్చోవాలనుందా పంతులూ?"

"నువ్వు సీటు వదిలిందెప్పుడు, నేను కూర్చుందెప్పుడు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి టైలర్ లేచి నిలబడ్డాడు.

"నేనేం చూళ్లేదు బాబూ," అన్నాడు అడక్కముందే. "ఆ రోజు తలుపేసుకుని పడుకున్నా. పిల్లల మీద ఒట్టు."

"నిన్నెవరు అడిగారయ్యా!" పంతులు అతని భుజం తట్టాడు. "పొద్దున అఖిలపక్షం కూర్చున్నాం. ఇక కొట్లాటలొద్దనుకున్నాం. రాయి విసిరినవాడెవడో ఏకగ్రీవంగా తీర్మానం రాసి పోలీసులకి ఇచ్చొచ్చాం."

"అంటే... సాక్ష్యం?"

"ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు."

ఈ వారంలో మొదటిసారి టైలర్‌కి నిండుగా ఊపిరాడింది. చేతులు జోడించాడు.

"చల్లగా ఉండండి బాబూ! ఇదిగో, ఏమేవ్, రెండు టీలు పెట్టు!" లోపలికి కేకేసి, స్టూలు దొరకని పంతులికి బట్టల మూట సర్ది ఇచ్చాడు. "పంతులుగారూ, ఏకగ్రీవమంటే అందరిదీ ఒకే మాటనేగా?"

"వాడుకలో అంతే. విడదీస్తే మాత్రం ఏక అంటే ఒకటి, గ్రీవం అంటే మెడ. అందరికీ కలిపి ఒకే మెడ."

"భలే మాటండీ!" టైలర్ కూడా నవ్వాడు.

వీధిలో జీపు ఆగింది. ఇద్దరు పోలీసులు దిగి, దుకాణం బోర్డు చదువుకుని, బూట్లు కూడా విప్పకుండా లోపలికి వచ్చారు. రాయి ఎవరు విసిరారో కాగితంలో ఉంది కదా, ఇక్కడేం పని అన్నట్టు టైలర్ పహిల్వాన్ వంక చూశాడు.

"మావాడి పేరు రాస్తే నేను సంతకం పెట్టను, వాళ్లవాడి పేరు రాస్తే పంతులు పెట్టడు," అన్నాడు పహిల్వాన్ స్టూలు మీంచి లేస్తూ. "ఏ పార్టీ లేనివాడివి వీధి మొత్తానికి నువ్వొక్కడివే దొరికావు, టైలరన్నా."